ఒరిగిన ఓడ లేచేదాకా

సముద్రం లేని ఊళ్ళో

ముప్పై నాలుగేళ్ళు నేను ఢిల్లీలో ఓడలు గీశాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "ఢిల్లీలోనా?" అంటారు. అవును, ఢిల్లీలోనే. ఓడల డిజైన్ ఆఫీసు రాజధానిలో ఉండాలని ఎవరో ఎప్పుడో నిర్ణయించారు. ఓడలు మాత్రం ఆ ఉత్తర్వును పట్టించుకోకుండా సముద్రం దగ్గరే ఉండిపోయాయి. మధ్యలో మేం రైళ్ళలో తిరిగాం. నేను పనిచేసిన ఓడలన్నిటిలో కలిపి ఎన్ని నీళ్ళు కారాయో తెలియదు కానీ, వర్షాకాలంలో మా ఆఫీసు పైకప్పు అంతకంటే ఎక్కువే కార్చింది.

ఇంకో సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నాకు ఈత రాదు.

ఇది రాయడానికి కారణం లావణ్య. తెలిసినవాళ్ళ అమ్మాయి, ఊరు కరీంనగర్. లక్ష్మీ నగర్‌లో ఒక పీజీలో ముగ్గురితో గది పంచుకుని మూడేళ్ళు పరీక్షలకు చదివింది. నేను రిటైరైన ఆఫీసులోనే ఈమధ్య ఆమెకు ఉద్యోగం వచ్చింది. చేరబోయే ముందు ఆదివారం మెట్రో ఎక్కి, దిగి, ఆటో పట్టుకుని ఇందిరాపురంలో మా ఇంటికి వచ్చింది.

"అంకుల్, ఇనుప ముక్క మునుగుతది గదా, గంత పెద్ద ఓడ ఎట్ల తేల్తదని మా అమ్మమ్మ అడిగింది. నేను ఫార్ములా జెప్పిన. ఆమె నా మొఖం జూసి, 'నీకు గూడ తెల్వదా బిడ్డా' అన్నది."

ఆ అమ్మమ్మను నేను చూడలేదు. మా ఆఫీసులో ఇంటర్వ్యూలు ఆవిడే చేసి ఉంటే బాగుండేది. ఫార్ములా చెప్పి గట్టెక్కినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

గిన్నె, గ్లాసు

లావణ్యను వంటింట్లోకి తీసుకువెళ్ళాను. బకెట్టు నిండా నీళ్ళు పట్టాను.

"మళ్ళీ మొదలుపెట్టారా?" అంది మా ఆవిడ. "ఆ అమ్మాయిని ముందు టీ అయినా తాగనివ్వండి. ఇంటికి ఎవరొచ్చినా నా గిన్నెలకు స్నానం తప్పదు."

స్టీలు గరిటె వేస్తే మునిగింది. స్టీలు గిన్నె తేలింది. లోహం అదే. గరిటె తనంత చోటు మాత్రమే ఆక్రమిస్తుంది, ఆ చోటు ఖాళీ చేసిన నీళ్ళు గరిటె అంత బరువు ఉండవు. గిన్నె అలా కాదు. లోపల గాలి పెట్టుకుని, తన లోహానికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువ నీటిని పక్కకు తోస్తుంది. తోసిన నీళ్ళ బరువు తన బరువుతో సమానం అయ్యేవరకు దిగుతుంది. అక్కడ ఆగిపోతుంది. ఓడకైనా అంతే. ఓడ ఎంత బరువుందో తెలియాలంటే అది తోసేసిన నీటిని తూచుకుంటే చాలు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ సంగతి నాకు అద్భుతంగానే ఉంటుంది. ఏ త్రాసూ మోయలేని ఓడను నీళ్ళు తూచి పెడతాయి, పొరపాటు లేకుండా.

"గిది నాకెరికే అంకుల్," అంది లావణ్య మర్యాదగా.

"సరే, ఇప్పుడు గ్లాసు వెయ్యి."

పొడవాటి స్టీలు గ్లాసును నిలబెట్టి వదిలింది. అది ఒక్క క్షణం తేలి, పక్కకు ఒరిగి, నీళ్ళు తాగి మునిగిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మునిగింది. అప్పుడు గ్లాసు తుడిచి, అడుగున రెండు గుప్పెళ్ళ కందిపప్పు పోసి వదలమన్నాను. గ్లాసు ఇంకాస్త లోతుకు దిగింది, కానీ నిటారుగా నిలబడింది. వేలితో పక్కకు వంచితే తిరిగి లేచింది.

"అయ్యో, బరువెక్కినంక నిలవడ్డదే!" అంది. ఈసారి గొంతులో మర్యాద లేదు. సంతోషం ఉంది.

మా పనంతా ఇక్కడుంది. ఇనుమును తేల్చడం తేలిక. తేలిన దాన్ని నిలబెట్టడం కష్టం. ఓడ ఒకవైపుకు ఒరిగితే నీళ్ళలో మునిగిన భాగం ఆకారం మారుతుంది, ఒరిగినవైపు ఎక్కువ మునుగుతుంది. అటువైపు నీళ్ళు ఎక్కువగా పైకి తోస్తాయి, ఓడ లేస్తుంది. అయితే ఓడలో బరువంతా పైకెక్కి కూర్చుంటే, ఆ తోపు సరిపోదు. లేవాల్సిన ఓడ లేవదు. ఎంత బరువు ఎంత ఎత్తులో ఉందన్నది తెలుసుకోవడానికి ఓడ కట్టడం పూర్తయ్యాక ఒక పరీక్ష చేస్తాం. దాన్ని ఒరుగు పరీక్ష అనుకుందాం. ఆ పరీక్షలో నేను ఘనంగా తప్పాను. లావణ్యకు ఆ రోజు చెప్పింది ఆ కథే.

కొబ్బరికాయ కొట్టిన రోజు

పదవీ విరమణకు ఏడేళ్ళ ముందు మాట. తూర్పు తీరాన ఒక ఉప్పుటేరు ఒడ్డున చిన్న యార్డులో ఒక ప్రయాణికుల ఫెర్రీ తయారైంది. అడుగు చదునుగా, పొట్ట వెడల్పుగా ఉండే ఓడ. ఏటి మధ్య లంకల్లోని జనాన్ని అటూ ఇటూ దాటించడానికి. నడపబోయే సంస్థవాళ్ళకు ఒక కోరిక ఉంది. పై అంతస్తులో కూడా బెంచీలు వేసి, రేకుల కప్పు వేసుకోవాలని. వేయొచ్చా లేదా అన్నది పరీక్ష చెప్పాలి. పరీక్ష చేయడానికి ఢిల్లీ నుంచి నేను వెళ్ళాను.

పరీక్ష చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. ఓడ మీద తూచిన ఇనుప దిమ్మలు పెడతారు. వాటిని మధ్య నుంచి ఒక పక్కకు, తిరిగి మధ్యకు, తర్వాత రెండో పక్కకు దఫాలవారీగా జరుపుతారు. జరిపినప్పుడల్లా ఓడ కొంచెం ఒరుగుతుంది. లోపల పొడవాటి తీగకు వేలాడదీసిన లోలకం ఎంత కదిలిందో స్కేలు మీద రాసుకుంటారు. తక్కువ ఒరిగితే గట్టి ఓడ. ఎక్కువ ఒరిగితే జాగ్రత్త పడాల్సిన ఓడ. మొత్తం ఎనిమిది కొలతలు. గ్రాఫు మీద పెడితే ఎనిమిదీ ఒకే గీత మీద పడాలి.

షరతులు కొన్ని ఉన్నాయి. తాళ్ళు వదులుగా ఉండాలి. మనుషులు సుద్దగీతల మీద కదలకుండా నిలబడాలి. ఓడ కింద తగినన్ని నీళ్ళుండాలి. అందుకే పోటు మీద, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు చేస్తాం.

ఆ రోజు పోటు పొద్దున్నే వచ్చింది. ఆ సంస్థ పెద్దమనుషులు మాత్రం ఆలస్యంగా వచ్చారు. ఓడకు ముందు పూజ కావాలన్నారు. పూజకు దండ కావాలి. దండ బజారు నుంచి రావాలి. కొబ్బరికాయ కొట్టాక ఫొటోలు, ఫొటోల తర్వాత పులిహోర. నేను గడియారం చూసుకుంటూనే పులిహోర రెండోసారి పెట్టించుకున్నాను. ఆ విషయంలో అబద్ధం చెప్పలేను. పరీక్ష మొదలయ్యేసరికి పోటు అయిపోయి నీళ్ళు వెనక్కి తీయడం మొదలైంది.

రెండు కొలతలు అయ్యాయి. తాళ్ళ దగ్గరున్న కళాసీ మేస్త్రి సింహాచలం నా దగ్గరికి వచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ.

"అయ్యగారండీ, ఓడ కూర్చుందండి."

"ఓడలు కూర్చోవు మేస్త్రీ. తేలతాయి," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నీటి తోపు గురించి, బరువు గురించి ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను, సగం ఇంగ్లీషులో. మేస్త్రి ఓపికగా విని, "చిత్తం" అని తాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మిగిలిన ఆరు కొలతలూ ముత్యాల్లా ఒకే గీత మీద పడ్డాయి. మొదటి రెండు మాత్రం పక్కకు పోయాయి, అప్పుడు ఓడ ఎక్కువ ఒరిగినట్టు. పులిహోర తిని జనం ఇంకా అటూ ఇటూ నడుస్తున్నారు కదా, అందుకే అనుకున్నాను. ఎనిమిదిలో ఆరు ఒక మాట మీద ఉన్నాయి. నేను మెజారిటీ పక్షం చేరిపోయాను.

చివరగా ఇంకో గడి నింపాలి. ఓడ ముక్కు మీద తెల్లరంగుతో అంకెలుంటాయి, ఓడ ఎంత మునిగిందో చెప్పడానికి. పరీక్షకు ముందు నీళ్ళు ఏ అంకె దగ్గర ఉన్నాయో, తర్వాత ఏ అంకె దగ్గర ఉన్నాయో రెండూ చూసి రాయాలి. ముందు చూశాను. తర్వాత చూడలేదు. తేలే ఓడ నీళ్ళతోపాటే దిగుతుంది, నీళ్ళతోపాటే ఎక్కుతుంది. బరువు మారనప్పుడు అంకె మారదు. మారదని తెలిసిన దాన్ని వంగి చూడ్డం ఎందుకు? ముందు రాసిన అంకెనే మళ్ళీ రాసి సంతకం పెట్టాను. ఏమీ తెలియనివాడైతే వెళ్ళి చూసి వచ్చేవాడు. ఈ తప్పు చేయాలంటే బాగా చదువుకుని ఉండాలి.

నా పొట్ట చేసిన మేలు

ఢిల్లీ వచ్చి లెక్క తేల్చాను. ఓడను తిరిగి లేపే శక్తిని మేం ఒక ఎత్తుగా కొలుస్తాం. అది జానెడు వచ్చింది. జానెడంటే పై అంతస్తులో బెంచీలు వేసుకోవచ్చు, రేకుల కప్పూ వేసుకోవచ్చు. మా డైరెక్టర్ మీనాక్షి మేడమ్ ఆ సంస్థకు అనుమతి ఉత్తరం పంపించింది.

పది రోజుల తర్వాత యార్డువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఫొటోలు వచ్చాయి. ఆఖరి ఫొటోలో అందరం ఓడ ముక్కు ముందు వరసగా నిలబడి ఉన్నాం. నా పొట్ట ఎంత ముందుకు వచ్చిందో చూసుకుందామని ఫొటో పెద్దది చేశాను. పొట్ట సంగతి ఎలాగూ చెప్పుకోదగ్గది కాదు. దాని వెనక, ఓడ ముక్కు మీద, ఒక తెల్లటి ఆరు అంకె నిండుగా నీళ్ళ పైన కనిపించింది.

వెనక్కి వెళ్ళి మొదటి ఫొటో తెరిచాను. కొబ్బరికాయ, దండ, వెనక అదే ముక్కు. ఆరు అంకె సగమే పైకి ఉంది. మిగతా సగం నీళ్ళలో.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. ఓడలోంచి ఎవరూ బరువు దించలేదు. అయినా ఓడ తక్కువ నీళ్ళు తోస్తోంది. అంటే మిగిలిన బరువును నీళ్ళు కాక ఇంకేదో మోస్తోంది. ఇంకేముంది అక్కడ? బురద. నీళ్ళు తీస్తుంటే ఆ చదునైన అడుగు మెత్తటి బురద మీద ఆనింది. ఆనిన ఓడ తక్కువ ఒరుగుతుంది, మరి. నా ముత్యాల్లాంటి ఆరు కొలతలూ బురదవి. నిజం చెప్పినవి ఆ మొండి రెండే.

ఓడ కూర్చుంది. నాకు చెప్పారు కూడా.

ఆ ఫెర్రీకి పై అంతస్తులో బెంచీలు బిగించడం అప్పటికే మొదలైంది. నెలలో జనాన్ని ఎక్కించుకుంటుంది.

అశోకా రోడ్‌లో భోజనం

మీనాక్షి మేడమ్ నాకంటే ఏడేళ్ళు చిన్న, నా పైఅధికారి. తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి కావడంతో ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. నేను తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిచ్చేది. ఇద్దరం చెరో భాషలో మాట్లాడుకుంటూ పదకొండేళ్ళు ఒక్క అపార్థం లేకుండా పనిచేశాం. ఆమె తెలుగు బయటికి వచ్చేది రెండు సందర్భాల్లోనే. కోపం వచ్చినప్పుడు, గోంగూర కనబడినప్పుడు.

ఆ మధ్యాహ్నం అశోకా రోడ్ వైపు ఆంధ్రా భోజనానికి తీసుకువెళ్ళాను. గోంగూర వచ్చేదాకా ఆగి, ఫోను ఆమె ముందు పెట్టాను. రెండు ఫొటోలూ చూసింది. ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది.

"తో జహాజ్ తైర్ నహీ రహా థా?"

"తేలడం లేదు మేడమ్. బురద మీద కూర్చుంది."

"పక్కా?"

"పక్కా. రెండో అంకె నేను చూడకుండానే రాశాను. తప్పు నాది."

అనుమతి ఉత్తరం మీద సంతకం ఆమెది. వెనక్కి తీసుకుంటే పైవాళ్ళు ముందు ఆమెనే అడుగుతారు. కొందరు పైఅధికారులు అక్కడ "ఇంకోసారి లెక్క చూడండి, ఏమో సరిపోతుందేమో" అనేవాళ్ళు. అలాంటివాళ్ళ కింద కూడా పనిచేశాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, ఫోను తీసి ఆఫీసుకు చేసింది. ఉత్తరం రద్దు, పని ఆపమని ఈ గంటలోనే వాళ్ళకు చెప్పండి, కారణం మా పరీక్షలో పొరపాటు. 'మా' అంది. 'మూర్తిగారి' అని నా పేరు చెప్పలేదు.

ఫోను పెట్టేసి నావైపు చూసింది. "మిస్త్రీ నే బోలా థా నా ఆప్‌కో?"

మేస్త్రి మాట కూడా ఆమెకు చెప్పేశాను, అప్పటికే.

"చెప్పాడు."

"వెళ్ళి సారీ చెప్పండి," అంది తెలుగులో. అది కోపమో గోంగూరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊఁ అన్న ఓడ

మూడో రోజు యార్డులో ఉన్నాను. సింహాచలం తాడు పేనుకుంటున్నాడు. పక్కన చెక్క మీద కూర్చున్నాను.

"మేస్త్రీ, మీరు చెప్పింది నిజమే. ఓడ కూర్చుంది."

"నాకు తెల్సండి."

"మరి గట్టిగా చెప్పొద్దా?"

"చెప్పేనండి. మీరు ఇంగ్లీషులో పాఠం చెప్పేరండి. ఇంక నేనేం జెప్తానండి?"

"అసలు మీకెలా తెలిసింది?" అన్నాను.

"కాలికి తెల్సిపోద్దండి. తేలే ఓడ మీద అడుగేస్తే ఊఁ అంటాదండి. ఆ రోజు రెండో దిమ్మ జరిపేక ఊఁ అనడం మానేసిందండి."

మర్నాడు పొద్దున్నే, పోటు నిండుగా ఉండగా పరీక్ష పెట్టాం. పూజ లేదు, పులిహోర లేదు. మేస్త్రి సీసపు గుండు కట్టిన తాడును ఓడ చుట్టూ నాలుగు చోట్ల దింపి కింద నీళ్ళు ఎంతున్నాయో కొలిచాడు. తర్వాత జనం వైపు తిరిగి, "ఎవుడు కదిలినా, తుమ్మినా ఊరుకోను," అన్నాడు. నన్ను కూడా కలిపే అన్నాడు.

ఆ పొద్దు నేను మరచిపోలేను. అంత ఇనుము. అన్ని పలకలు, ఇంజను, గొలుసులు. నలుగురు మోయగలిగిన దిమ్మను రెండు బారల దూరం జరిపితే, మొత్తం ఓడ ఊఁ అన్నట్టు ఒక వెంట్రుకవాసి ఒరిగింది. చీకటిగా ఉన్న గదిలో లోలకం స్కేలు మీద మెల్లగా పక్కకు జరిగి ఆగింది. ఎంత పెద్ద దేహానికి ఎంత చిన్న మాట వినిపిస్తుందో! ఎనిమిది కొలతలూ ఒకే గీత మీద పడ్డాయి. ముక్కు దగ్గరికి రెండుసార్లు వెళ్ళి వంగి చూశాను. ఆరు అంకె రెండుసార్లూ సగమే కనబడింది.

లెక్క తేలింది. జానెడు కాదు, బెత్తెడు. పైన బెంచీలు వేసి జనాన్ని ఎక్కించి ఉంటే, అందరూ ఒకవైపు చేరిన రోజున ఆ ఓడ వంటింట్లో గ్లాసు అయ్యేది.

నడిపే సంస్థ పెద్దమనిషి ఫోనులో అరిచాడు. "ఒకసారి జానెడంటారు, ఒకసారి బెత్తెడంటారు! ఢిల్లీలో కూర్చుని చేతులతో కొలుస్తారా ఏమిటండీ? బెంచీలు తీసెయ్యమంటారా?"

"తీసెయ్యాలండి. రేకులు కూడా. గుడ్డ పందిరి వేసుకోండి. ఓడ అడుగున ఇనుప దిమ్మలు వేసి బిగించాలి."

"ఇంకా బరువా? మునగదా?"

"కొంచెం దిగుతుంది. కానీ నిలబడుతుంది. మీ ఇంట్లో పొడవాటి గ్లాసూ కందిపప్పూ ఉన్నాయా?"

ఫోను పెట్టేశాడు. తర్వాత ఆయన భార్యే ఆ పరీక్ష చేసి చూపించిందని యార్డువాళ్ళు చెప్పారు. దిమ్మలు వేశారు.

లావణ్యకు నేను చెప్పగలిగిన సలహాలు తక్కువ. ఫార్ములాలు నాకంటే ఆమెకే బాగా వచ్చు. మారదని తెలిసిన అంకెను వెళ్ళి చూడు. మాట వినని కొలతను తీసేసే ముందు దాన్ని ఒకసారి కూర్చోబెట్టి అడుగు. తాళ్ళ దగ్గర ఉన్న మనిషి ఏదైనా చెబితే, నీకు తెలిసింది చెప్పడం అప్పటికి ఆపు. మీనాక్షి మేడమ్ లాంటి అధికారి దొరకడం అదృష్టం, దొరక్కపోతే ఉత్తరం నువ్వే రద్దు చేయించాల్సి వస్తుంది. చేయించు.

మొదటిసారి

పదవీ విరమణ తర్వాత కిందటేడు ఆ రేవుకు వెళ్ళాను. టిక్కెట్టు కొనుక్కుని ఫెర్రీ ఎక్కాను. సంత రోజు. ఓడ నిండా జనం, బుట్టలు, సైకిళ్ళు. పై అంతస్తులో గుడ్డ పందిరి గాలికి కొట్టుకుంటోంది. బెంచీలు లేవు.

ఏరు మధ్యకు వచ్చేసరికి ఎవరో "అదిగో, అదిగో!" అని అరిచారు. ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు నీళ్ళలో రెండు డాల్ఫిన్లు ఎగిరాయి. ఓడలో ఉన్న జనమంతా ఒక్కసారిగా కుడివైపుకు పరుగెత్తారు. ఓడ ఒరిగింది. బుట్టలు జారాయి. నా రెండు చేతులూ వాటంతటవే ఎడమవైపు కమ్మీని పట్టుకున్నాయి. నా ఆరు కొలతలు గుర్తొచ్చాయి, ఆ పైన మొండి రెండు. లెక్క నాదే. సంతకం నాదే. ఇన్నేళ్ళలో ఆ లెక్క మీద నేను నిలబడడం ఇదే మొదలు.

ఓడ ఒరిగిన చోట ఒక క్షణం ఆగింది.

పక్కన చేపల గంప మీద కూర్చున్న ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏంటి బాబూ, మొదటిసారా ఓడెక్కడం?"

"అవునమ్మా," అన్నాను. "మొదటిసారే."

"భయపడకండి. లేస్తాదండి. ఎప్పుడూ లేస్తాది," అంది, తమలపాకు నోట్లో పెట్టుకుంటూ.

ఓడ లేచింది.